థైరాయిడ్ మాత్ర మోతాదు తగ్గించాక గుండె దడ ఎన్నాళ్లకు తగ్గుతుంది?

మా అమ్మగారికి హైపోథైరాయిడిజం (థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయడం) ఉంది. దానికి వాడే థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ మోతాదును 75 నుంచి 100 మైక్రోగ్రాములకు పెంచిన తరువాత, రాత్రి ఎడమవైపు తిరిగి పడుకోగానే గుండె దడదడలాడి, మధ్యలో ఒక్కసారి ఆగినట్లయి, ఆవిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే హార్మోను) 0.2కు పడిపోవడంతో మందు ఎక్కువైందని డాక్టరుగారు మళ్లీ 75కు తగ్గించారు. ఈసీజీ మామూలుగానే వచ్చింది, కానీ అది తీసినప్పుడు దడ లేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుందనీ, 6 నుంచి 8 వారాల తరువాతే మళ్లీ రక్తపరీక్ష చేయించాలనీ తెలిసినా, ఆవిడ భయం చూస్తుంటే అంతవరకు ఊరుకోబుద్ధి కావడం లేదు. మాత్ర పరగడుపునే వేసుకుంటున్నారు, కాల్షియం మాత్రకు 4 గంటల ఎడం పాటిస్తున్నారు. ఇటువంటి ఇబ్బంది పడినవారు, మోతాదు తగ్గాక దడ ఎన్నాళ్లకు నెమ్మదించిందో, గుండె కొట్టుకునే తీరును నిరంతరం నమోదు చేసే 24 గంటల హోల్టర్ పరీక్ష అవసరమైందో లేదో దయచేసి తెలియజేయగలరు.