గండికోట, బెలుం, యాగంటి, తాడిపత్రి: రెండు రోజుల్లో నాలుగూ చుట్టేయాలా, ఒక ఊళ్ళో ఆగాలా?

ఉప్పల్ వాసి
అందరికీ నమస్తే. వచ్చే నెల శని ఆదివారాలు కారులో సీమ వైపు పోదామనుకుంటున్నం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా నాన్న (68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు). ప్లాన్ ఏందంటే శనివారం తెల్లారుజామున 4కి బయల్దేరి కర్నూలు దాటి ముందు యాగంటి, అక్కడి నుంచి బెలుం గుహలు, రాత్రికి గండికోటలో టెంటు, ఆదివారం సూర్యోదయం చూసుకుని తాడిపత్రి గుళ్ళు రెండూ చూసి రిటర్న్. మా తమ్ముడేమో ఇది ట్రిప్పు కాదు పరుగుపందెం, ఒకటో రెండో తీసేసి జమ్మలమడుగులో నిమ్మళంగా ఉండి రండి అంటున్నడు. రెండ్రోజుల నుంచి ఇంట్లో ఇదే లొల్లి. వెళ్ళొచ్చినోళ్ళు చెప్పండి.

రైడర్44
నాలుగూ అవుతాయి అన్నా, నేను బండి మీద చేశాను. కర్నూలు దాకా 210 కిలోమీటర్లు 44వ నంబర్ హైవే, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోద్ది. అక్కడ టిఫిన్ చేసి డోన్, బేతంచెర్ల మీదుగా బనగానపల్లె పట్టుకుంటే పదిన్నరకల్లా యాగంటి. మధ్యాహ్నం అవుకు, కొలిమిగుండ్ల రోడ్డులో బెలుం. సాయంత్రం గుహలు మూసేలోపు బయటికి వచ్చేయొచ్చు, చీకటి పడ్డాక గండికోట. ఏడాదికి ఒక్క ట్రిప్పు దొరికే ఉద్యోగం మనది, అంత డీజిల్ పోసుకుని పోయి గంట దూరంలో ఉన్నది వదిలేసి వస్తే ఇంటికొచ్చాక అదే గుర్తొస్తది. మళ్ళీ వెళ్దాం అనుకున్న ఏ ఊరికీ నేను మళ్ళీ వెళ్ళలేదు, ఇది నిజం.

పెన్నాగట్టు
మాది జమ్మలమడుగే అన్నా, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఏమనుకోవద్దు.

శనివారం సాయంత్రమైతే హైదరాబాద్ కార్లు, బెంగళూరు కార్లు మా ఊరి మధ్యలోంచే పోతాయి. పెట్రోలు కొట్టించుకుంటారు, వాటర్ బాటిళ్ళు కొంటారు, పోతారు. పొద్దున ఎనిమిదికల్లా అవే కార్లు వెనక్కి. అడిగితే గండికోట చూశాం అంటారు. ఏం చూశారప్పా అంటే లోయ చూశాం అంటారు. లోయ అందంగా ఉంటుంది, కాదనను, ఎర్రమల కొండల్ని పెన్న రెండుగా చీల్చుకుని పోయిన గండి అది, ఆ గండి వల్లనే ఆ పేరు. కానీ కోట? పెద్ద తలుపుల మీద ఇనుప ముళ్ళు ఎవరైనా దగ్గరికి పోయి చూశారా? ఏనుగుల్ని తెచ్చి గుద్దించకుండా బిగించినవి అవి. మాధవరాయ స్వామి గుడి గోపురం ఉంది, లోపల మూలవిరాట్టు లేదు, అయినా మండపం స్తంభాల దగ్గర ఒక గంట కూర్చోవచ్చు. జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం. ఎండలోంచి ధాన్యాగారంలోకి అడుగు పెట్టినప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది, చిన్నగా మాట్లాడినా గొంతు పైన కమాన్లకు తగిలి మళ్ళీ మన మీదికే వస్తుంది. మీ పిల్లలకు లోయ కంటే అదే గుర్తుంటుంది, మా అక్క పిల్లల్ని చూసి చెప్తున్నా.

ఇంకో మాట. ఈ కోటను ఏలింది పెమ్మసాని నాయకులు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్ళో చింతల వెంకటరమణ స్వామి గుడి కట్టించింది కూడా వాళ్ళే. ఇక్కడ వాళ్ళు యుద్ధం కోసం కట్టిన గోడ చూసి, అక్కడ దేవుడి కోసం చెక్కించిన రాయి చూస్తే రెండూ కలిసి ఒక కథ అవుతుంది. అందుకే తాడిపత్రి వదలొద్దు. యాగంటి ఈసారికి వదిలేయండి, మహానంది వైపు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. శుక్రవారం సగం లీవు పెట్టి రాత్రికే మా ఊరు చేరుకోండి, గండికోట ఇక్కడికి 15 కిలోమీటర్లు, అంతే.

టెంటు సంగతి అన్నా, రాళ్ళ అంచున చాలా చోట్ల కంచె ఏమీ లేదు. రాత్రి చీకట్లో పిల్లలు పాస్‌కు లేస్తే? ఆదివారం పొద్దున ఆ బండల మీద నడిస్తే చెప్పులకింద గాజు పెంకులు కరకరమంటాయి, తాగి పగలగొట్టినవి. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురాలు చేస్తున్నారు, మేకలు మేపుకునే పిల్లోళ్ళు ఒట్టికాళ్ళతో తిరిగేది ఆ బండల మీదే. అది చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

రైడర్44
సీసాలు పగలగొట్టేవాళ్ళను నేనూ వెనకేసుకు రాను బ్రదర్. కానీ టెంట్ల వాళ్ళంతా అట్లాంటోళ్ళు కాదు. ఆ టెంట్లు అద్దెకిచ్చేది, చికెన్ వండి పెట్టేది కూడా కోటలో ఉండే కుటుంబాలే, నేను అక్కడ తిన్న జొన్నరొట్టె, పులుసు డబ్బులు నేరుగా ఆ ఇంటికే పోయాయి. జమ్మలమడుగు లాడ్జిలో పడుకుంటే ఆ డబ్బు లాడ్జి ఓనరుకు పోద్ది. ఊరికి మేలు అంటే ఏ ఊరికి అన్నది కూడా చూడాలి కదా.

పెన్నాగట్టు
ఈ మాట ఒప్పుకుంటా. కోటలో ఇళ్ళ దగ్గర తినండి, అది మంచిదే. పడుకునేది మాత్రం అంచున వద్దంటున్నా, చిన్న పిల్లలు, పెద్దాయన ఉన్నారు కాబట్టి.

అమ్మతో ప్రయాణం
ఇంతమంది మాట్లాడారు, ఆయన మొదటి లైన్లోనే రాసిన మోకాళ్ళ నొప్పుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మా అమ్మకు 70, మేము ఇదే రూటు వెళ్ళాం. తీసేయాల్సింది యాగంటి కాదండీ, బెలుం. గుహలు గొప్పవే, మూడు కిలోమీటర్ల పైన పొడవు, అందులో సగం దాకా లోపల నడిచి చూడొచ్చు. కానీ దిగడం, ఎక్కడం, కొన్ని చోట్ల నడుము వంచి పోవడం, లోపల పారే నీటిపాయ పాతాళగంగ దగ్గరికి వచ్చేసరికి 46 మీటర్ల లోతు, గాలి గొట్టాలు పెట్టినా ఒళ్ళంతా చెమట. మా అమ్మ సగంలో మెట్ల మీద కూర్చుండిపోయింది, ముఖం తెల్లబడింది. వెనక్కి తీసుకురావడానికి నేను పడిన భయం నాకే తెలుసు. ట్రిప్పు మిగతాదంతా ఆవిడ మా కోసం నవ్వుతూ ఉంది తప్ప ఒక్క చోట కూడా కారు దిగలేదు.

యాగంటిలో అలా కాదు. కొండలోంచి వచ్చే నీళ్ళు నంది నోట్లోంచి కోనేట్లో పడుతూ ఉంటాయి, పెద్దవాళ్ళు గట్టున కాళ్ళు కడుక్కుని కూర్చుంటారు, గుళ్ళోకి పెద్ద కష్టం లేదు. వెంకటేశ్వర స్వామి గుహ, అగస్త్యుల గుహ మెట్లు నిలువుగా ఉంటాయి, అవి పిల్లలు ఎక్కి వస్తారు. నంది పెరుగుతోంది అంటారు, అగస్త్యుడి శాపం వల్ల కాకులు రావంటారు, మీ నాన్నగారు మనవలకు ఈ కథలు చెప్పుకుంటూ గంట గడిపేస్తారు. ఎన్ని చూశాం అని కాదు, కారులో ఉన్న అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరో వాళ్ళను బట్టి ప్లాన్ వేయాలి.

పెన్నాగట్టు
అక్కా, మీరు చెప్పింది కరెక్టు. నేను నా వయసు కాళ్ళతో ఆలోచించాను. యాగంటి ఉండనివ్వండి, బెలుం తీసేయండి. ఒక రాత్రి ఆగడం మాత్రం తప్పనిసరి.

రైడర్44
పిల్లలు బెలుం చూడకుండా రావడం నాకు మనసొప్పట్లేదు, సున్నపురాయిని నీళ్ళు తొలిచి చేసిన సొరంగం వాళ్ళు పుస్తకంలో బొమ్మగా చూసుంటారు, ఇక్కడ చెయ్యి పెట్టి తాకొచ్చు. గుహలో లింగాల్లాంటి రాళ్ళుండే కోటిలింగాల దగ్గర పిల్లల మొహాలు చూడాలి మీరు. ఒకరు నాన్నగారితో బయట ఉండి ఇంకొకరు పిల్లల్ని తీసుకుపోవచ్చు కదా?

అమ్మతో ప్రయాణం
ఎండలో పార్కింగ్ దగ్గర గంటన్నర ఆయన్ని కూర్చోబెట్టి లోపలికి పోయిన మనిషికి లోపల ఏం కనిపిస్తుందండీ. నేనైతే పోలేను.

ఉప్పల్ వాసి
అందరికీ థాంక్స్. పొద్దున నాన్నకు ఈ పోస్టులన్నీ చదివి వినిపించిన. గుహలు వద్దులే బిడ్డా, తాడిపత్రిలో రాతి రథం ఉంటదట కదా, అది చూపియ్యి అన్నడు. అట్లనే ఫిక్స్ అయినం. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి రాత్రి బనగానపల్లెలో ఆగి పొద్దున్నే యాగంటి, శనివారం సాయంత్రానికి జమ్మలమడుగు, ఆదివారం గండికోట, తాడిపత్రి. పెన్నాగట్టు అన్నా, ఆదివారం కోటకు ఎన్నింటికి బయల్దేరాలె? తాడిపత్రిలో ముందు ఏ గుడి?

పెన్నాగట్టు
రూములోంచి ఐదుకు కదలండి అన్నా, చలికాలమైతే ఐదున్నర. ముందు లోయ చూసుకుని, ఎండ ముదరకముందే గుడి, ధాన్యాగారం, మసీదు. పదికల్లా బయటపడండి. తాడిపత్రిలో ముందు చింతల వెంకటరమణ స్వామి, నాన్నగారు అడిగిన రథం అక్కడే, గరుత్మంతుడి మండపాన్ని అట్లా రథంలాగా చెక్కినారు. మధ్యాహ్నం గుళ్ళు మూస్తారు, లేటయితే ఏదన్నా హోటల్లో భోంచేసి కాసేపు నడుం వాల్చండి. మళ్ళీ తీసినాక బుగ్గ గుడికి పోండి, గర్భగుడిలో లింగం దగ్గర ఊట నీళ్ళు ఉంటాయి, అయ్యవారిని అడిగితే చూపిస్తారు. బయట మొండి గోపురాలు రెండున్నాయి, పూర్తి కానివి, వాటి మీద చెక్కుడు చూడకుండా కారెక్కొద్దు. శనివారం రాత్రి మా ఊళ్ళో సంగటి ఎక్కడ బాగుంటుందో మెసేజ్ పెడతా.