ఎం.ఎస్.కి వస్తున్న తమ్ముడికి డిస్లెక్సియా: కాలేజీలో ఎవర్ని కలవాలి?

విజయవాడ అక్క: నమస్కారమండీ. మా తమ్ముడు ఆగస్టులో అమెరికా వస్తున్నాడు. వాడికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది. అందుకే ఇంటర్‌ పరీక్షల్లో అదనపు సమయం ఇచ్చారు. అదే సర్టిఫికెట్ అక్కడ చూపిస్తే చాలా?

డాలస్ నుంచి: చాలదమ్మా. ఇలాంటి విద్యార్థులకి సదుపాయాలిచ్చే ఆఫీసు కాలేజీలో ఉంటుంది, డిసెబిలిటీ సర్వీసెస్ అంటారు. వాళ్లకి పూర్తి రిపోర్టు కావాలి. ఏ పరీక్షలు పెట్టారు, స్కోర్లెంత, ఇప్పుడు చదవడానికి ఎంత ఇబ్బంది ఉంది, అన్నీ ఉండాలి. పెద్దవాళ్లకి పెట్టే పరీక్షలే పెట్టించండి. రిపోర్టు ఇంగ్లీషులో, తేదీతో, సైకాలజిస్టు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరుతో తీసుకోండి. "డిస్లెక్సియా ఉంది, సహకరించగలరు" అని రెండు లైన్లు రాసిస్తే తిప్పి పంపేస్తారు. ఇక్కడ పరీక్ష చేయించాలంటే వేల డాలర్లు. ఆ ఖర్చు కాలేజీ పెట్టుకోనక్కర్లేదు. పాత సర్టిఫికెట్ కూడా జత చెయ్యండి, చిన్నప్పటి నుంచీ ఉందనడానికి పనికొస్తుంది.

న్యూజెర్సీ నుంచి: అప్లికేషన్‌లోనే రాసేస్తే సరిపోయేది కదండీ.

డాలస్ నుంచి: సరిపోదండీ. అడ్మిషన్స్ వాళ్లకి చెప్పినా ఈ ఆఫీసులో నమోదైనట్టు కాదు. అబ్బాయే విడిగా అడగాలి. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం 504 సెక్షన్, 1990 నాటి ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకీ వర్తిస్తాయి, ఈ సదుపాయాలకి ఫీజు అడక్కూడదు. కానీ అడగనివాళ్లకి ఎవరూ పిలిచి ఇవ్వరు. అక్క ఫోన్ చేసినా వాడి సంతకం లేకుండా ఏమీ చెప్పరు.

కొలంబస్ నుంచి: ఆఫీసిచ్చే లెటర్‌లో సమస్య పేరుండదు, సదుపాయాలే ఉంటాయి. ప్రొఫెసర్లకి ప్రతి సెమిస్టరూ మళ్లీ పంపించుకోవాలి. అది వెనక్కి పనిచెయ్యదు. అక్టోబరులో ఇస్తే సెప్టెంబరు పరీక్ష మళ్లీ పెట్టరు. పరీక్షకి ఒకటిన్నర రెట్లు టైమిచ్చారంటే 50 నిమిషాల క్విజ్‌కి 75 నిమిషాలు. టెస్టింగ్ సెంటర్లో సీటు చాలాచోట్ల వారం ముందే బుక్ చెయ్యాలి. ఆన్‌లైన్ క్విజ్‌కి ఆ టైము ప్రొఫెసరే పెట్టాలి, తరచు మర్చిపోతారు. మొదటి పేజీలో 75 బదులు 50 కనిపిస్తే స్టార్ట్ నొక్కొద్దని చెప్పండి, ముందు మెయిల్ కొట్టమనండి. హోంవర్క్ గడువులకి ఈ టైము వర్తించదు.

న్యూజెర్సీ నుంచి: కష్టమైతే ఒక సబ్జెక్టు డ్రాప్ చేసుకుంటాడులెండి.

కొలంబస్ నుంచి: అయ్యో, ఆ సలహా ఇవ్వకండి! చాలా కాలేజీల్లో మాస్టర్స్‌కి సెమిస్టరుకి 9 క్రెడిట్లు ఉండాల్సిందే. చెప్పకుండా డ్రాప్ చేస్తే వీసా స్టేటస్ పోతుంది.

డాలస్ నుంచి: దారి లేకపోలేదు. డాక్టరో, లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టో లెటరిస్తే మెడికల్ రెడ్యూస్డ్ కోర్స్ లోడ్, అంటే ఆరోగ్య కారణంతో తక్కువ క్రెడిట్లు చదివే అనుమతి, అడగొచ్చు. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలలే. కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) ఒప్పుకున్నాకే డ్రాప్ చెయ్యాలి.

కొలంబస్ నుంచి: ఆ లెటర్ ఇక్కడ లైసెన్సున్నవాళ్లదే కావాలి, విజయవాడ రిపోర్టు దానికి పనికిరాదు. అక్కా, ఇంకొకటి. పుస్తకాల జాబితా జులైలోనే ప్రొఫెసర్లని అడగమనండి. స్కాన్ చేసిన పేజీలు ఫొటోల్లాంటివి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందులో అక్షరాలు దొరకవు. వాటిని ఆఫీసువాళ్లు మార్చివ్వడానికి వారాలు పడుతుంది.