అప్‌డేట్: థర్మోస్టాట్ హౌసింగ్‌కి ఇంట్లో కోసిన గ్యాస్కెట్

ఇంజన్‌లో థర్మోస్టాట్ ఉండే గూడు, అదే థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోంది, గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య కారకుండా పెట్టే పల్చటి పొర) నేనే కోసుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా, కోసేశాను. మొదట అట్టపెట్టె ముక్కతో చేశాను, మీరు వద్దన్నా వినలేదు, రెండో రోజుకే నానిపోయి మళ్ళీ కారింది. ఈసారి గ్యాస్కెట్ పేపరే కొన్నాను, పాతదాని మందం చూసుకుని 0.8 మిల్లీమీటర్లది. దాన్ని హౌసింగ్ మీద పెట్టి అంచుల వెంట సుత్తితో మెల్లగా తడితే గీత దానంతటదే పడింది, బోల్టు రంధ్రాలు మాత్రం పంచ్‌తో కొట్టాను. అసలు టైమంతా అంటుకుపోయిన పాత పెచ్చులు గీకడానికే పోయింది, అల్యూమినియం కదా, గీతలు పడతాయేమోనని ఒకటే టెన్షన్. మూడు వారాలైంది, చుక్క కారలేదు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ, సిలిండర్లని పైనుంచి మూసే హెడ్‌కీ మధ్య ఉండేది) కూడా ఇలాగే చేస్తావా అని అడిగినవాళ్ళకి: లేదండీ, సిలిండర్ లోపలి వేడికీ ఒత్తిడికీ కాగితం నిలవదు, అది కొన్నదే వేస్తాను.