సెంటు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాలా, బీరువాలోనా?

ఒంగోలు నుంచి:
సీసాలతో ఒక అర నిండిపోయింది. ఎండలు వస్తున్నాయంటే టెన్షన్. ఫ్రిజ్ వద్దు, చీకటి బీరువా చాలని నెట్‌లో అందరూ రాస్తున్నారు. మీరేమంటారు?

నెల్లూరు నుంచి:
అన్నా, ఆ సలహా చలిదేశాల వాళ్లది. వాళ్ల బీరువాలో 20 డిగ్రీలుంటుందేమో. మనకు రోహిణీ కార్తెలో పగలు 44 దాకా పోతుంది, రాత్రంతా స్లాబు వేడి కక్కుతుంది. పడమటి గోడకు ఆనించిన ఇనప బీరువా తలుపు పడుకోబోయే ముందు ముట్టుకుని చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. చీకటి ఒక్కటే చాలదు. నేను ఫ్రిజ్ వైపే.

వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారుగా రెట్టింపవుతుంది. ముందు దెబ్బతినేది నిమ్మ, నారింజ, బెర్గమాట్ (ఇదీ నిమ్మజాతి పండే) వాసనలు. వాటిలోని లిమోనీన్ అనే వాసన పదార్థం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది. కొట్టుకోగానే నిమ్మతొక్క గిల్లినట్టు రావాల్సింది, టర్పెంటైన్ కంపు తగులుతుంది. రంగు ముదిరిందని మాత్రం కంగారు పడొద్దు, వెనిల్లా ఉన్నవి ఎలాగూ గోధుమరంగుకు తిరుగుతాయి.

ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో 1990లో పెట్టిన ఆస్మోతెక్ అనే పరిమళాల భాండాగారం ఉంది. అక్కడ సెంట్లను 12 డిగ్రీల్లో, చీకట్లో, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపి దాస్తారు. చలిదేశంలోనే అంత జాగ్రత్త పడుతుంటే మనం ఇనప బీరువాను నమ్ముకోవడమేంటి?

కందుకూరు నుంచి:
ఫ్రిజ్ తలుపు రోజుకు ఎన్నిసార్లు తీస్తారు? కరెంటు కోతలు సరేసరి. ఆ హెచ్చుతగ్గులే సీసాకు చేటు. పైగా చేపల పులుసు గిన్నె పక్కన సెంటా?

నెల్లూరు నుంచి:
తలుపు తీస్తే లోపలి గాలి వేడెక్కుతుంది గానీ సీసాలోని ద్రవం అంత తొందరగా వేడెక్కదండీ. సీసాను రోజూ బయటికి తీసి మళ్లీ లోపల పెట్టడమే చేటు. అందుకే రోజూ వాడేవి రెండు మూడు లోపలి గదిలో కింది అరలో ఉంచుకోవాలి. మిగతావి అట్టపెట్టెలతో సహా గాలి చొరని డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేయాలి. పులుసు వాసన బిగించిన స్ప్రే దాటి సెంటులోకి పోదు. అట్టకు మాత్రం పడుతుంది, తేమకు అట్ట మెత్తబడుతుంది కూడా. డబ్బా అందుకే.

రొట్టెల పండక్కి కొనుక్కునే అత్తర్లలో అసలైన గంధపు నూనెతో చేసినవాటికి ఇంత హడావుడి అక్కర్లేదు. ఎండ తగలకుండా, మూత బిగించి ఉంచితే చాలు. గంధం నిల్వ ఉన్నకొద్దీ ఇంకా గుబాళిస్తుంది.

ఒంగోలు నుంచి:
మరి సగం ఖాళీ అయిన సీసాలు?

నెల్లూరు నుంచి:
వాటిలో గాలి చేరి ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టినా ఆ గాలి ఎక్కడికీ పోదు. ముందు వాటినే వాడేయండి.