మెదడు డేటాకు విడిగా చట్టం కావాలా? డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) చాలదా?

సుధీర్_వైజాగ్: ఏఐకి ప్రత్యేక చట్టం ఇప్పట్లో అక్కర్లేదని కేంద్రం 2025 నవంబరు మార్గదర్శకాల్లో తేల్చేసింది. సరే, మరి మెదడు నుంచి తీసే డేటా సంగతేంటి? చిలీ 2021లోనే రాజ్యాంగం సవరించి దానికి రక్షణ పెట్టింది. మనకూ కావాలి.

మొండివాదం: ఆ సవరణ తర్వాత చిలీలో వచ్చిన తీర్పు చదివారా? మాజీ సెనేటర్ గిరార్ది ఎమోటివ్ కంపెనీ హెడ్‌సెట్ కొన్నారు. ఐదు సెన్సర్లతో ఈఈజీ, అంటే మెదడు తరంగాల రికార్డు, తీసే బుల్లి పరికరం. ఉచిత ఖాతా కాబట్టి తన రికార్డింగులు తనే దించుకోలేకపోయారు, డబ్బు కట్టాలట! కంపెనీ క్లౌడ్‌లో మాత్రం భద్రంగా ఉన్నాయి. పేర్లు తీసేసి పరిశోధనకు వాడుతున్నామంది కంపెనీ. దానికి విడిగా సమ్మతి తీసుకోవాలని, ఆయన డేటా తుడిచేయాలని 2023 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అది షుగర్ రీడింగ్ అయినా తీర్పు అదే కావాలి కదా? సమ్మతి చట్టం మనకూ ఉంది, డీపీడీపీ 2023.

ప్లీడరుగారు: ఉంది, అందులో సెక్షన్ 7 కూడా ఉందండి. ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చు. లారీ డ్రైవర్‌కి కునుకు పసిగట్టే ఈఈజీ టోపీ పెట్టారనుకోండి. కునుకు వరకు నాకూ అభ్యంతరం లేదు. అదే రికార్డింగ్ ఇంక్రిమెంట్ టైంలో బయటికి తీస్తే? నిందితుడికి బలవంతంగా బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు స్పందనలు చూసి నేరం సంగతి తెలుసో లేదో తేల్చే పరీక్ష) చేయకూడదని సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పోలీసుకి లేని వీలు ఓనర్‌కి ఎందుకు?

మొండివాదం: అయితే సెక్షన్ 7 సవరించండి. మెదడు తరంగాలకే చట్టం రాస్తే రేపు ముఖం, గొంతు చూసి ఏఐ అదే చెబుతుంది. యూరప్ పరికరాన్ని కాదు, చేసే పనిని పట్టుకుంది. ఆఫీసుల్లో, బడుల్లో బయోమెట్రిక్ డేటాతో భావోద్వేగాలు ఊహించే ఏఐని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. వైద్యం, భద్రత మినహాయింపు.

ప్లీడరుగారు: ఆ చట్టం పీఠిక చూడండి. డ్రైవర్ అలసట అసలు భావోద్వేగం కిందికే రాదని రాశారు. మన లారీ టోపీకి ఆ నిషేధం తగలదు.

పద్మజ_హైదరాబాద్: మా నాన్నగారికి ఫిట్స్. తలంతా జిగురు రాసి, వైర్లు అంటించి ఈఈజీ తీస్తారు. చట్టం ఏదైనా రాసుకోండి, ఆస్పత్రి పని మాత్రం ఆగకూడదు.

మొండివాదం: అలసట సంగతి ఒప్పుకుంటా. ఒక పనికి తీసింది ఇంకో పనికి వాడొద్దని సెక్షన్ 7లో ఒక్క వాక్యం కలిపితే సరి.

సుధీర్_వైజాగ్: కలిపారే అనుకుందాం. టోపీ లోపల ఏం రికార్డవుతోందో చూసేదెవరు? చిలీ కోర్టు ఆ హెడ్‌సెట్‌ను పరిశీలించమని ప్రజారోగ్య సంస్థకు, కస్టమ్స్‌కు పురమాయించింది. మన దగ్గర ఏ శాఖ పేరు రాస్తారో చెప్పండి.