అర్థం చెప్పడమా, ఉండనివ్వడమా? మనోవిశ్లేషణలో మలుపు మీద చర్చ

(కొందరు థెరపిస్టుల మధ్య జరిగిన చర్చ ఇది. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

కిటికీ పక్క కుర్చీ

"నాకంతా తెలుసండీ. మా నాన్న అలా ఉండేవాడు కాబట్టి నేనిలా తయారయ్యాను. తెలిసి ఏం లాభం?" ఈ మాట అనే పేషెంట్ దగ్గర మొదలెడదాం.

ఇలాంటి మనిషికి ఇంకో అర్థం చెప్పి ఒరిగేదేమీ లేదు. నిజమైన సెల్ఫ్, అబద్ధపు సెల్ఫ్ (ఎదుటివాళ్లకు తగ్గట్టు తొడుక్కున్న ముసుగు) గురించి 1960లో రాసినప్పుడే బ్రిటిష్ మనోవిశ్లేషకుడు (ఎనలిస్ట్) విన్నికాట్ ఒక సంగతి పట్టుకున్నాడు. బాగా తెలివైనవాళ్లలో అబద్ధపు సెల్ఫ్ బుర్రలోనే కాపురం పెడుతుంది. చక్కటి ఇంటర్‌ప్రిటేషన్ (మనసులో దాగినదాని అర్థం విప్పి చెప్పడం) ఇచ్చారనుకోండి, అతను దాన్ని అందుకుంటాడు, మెచ్చుకుంటాడు, వచ్చే వారం మీకన్నా బాగా తిప్పి చెబుతాడు. సెషన్ బ్రహ్మాండంగా నడిచినట్టే ఉంటుంది. రెండేళ్లయ్యాక చూస్తే పదజాలం పెరిగి ఉంటుంది, అంతే.

అమెరికన్ ఎనలిస్ట్ థామస్ ఓగ్డెన్ 2019లో సైకోఎనలిటిక్ క్వార్టర్లీలో రాసిన వ్యాసం ఈ చిక్కు మీదే. ఆయన లెక్కలో మనోవిశ్లేషణకు రెండు ముఖాలు. ఒకటి తెలుసుకోవడం: మనోవిశ్లేషణ మొదలెట్టిన ఫ్రాయిడ్, ఆయన తర్వాతి ఎనలిస్ట్ మెలనీ క్లైన్ వేసిన దారి. రెండోది ఉండటం, ఇంకా పూర్తిగా తను తనుగా తయారవడం: విన్నికాట్, మరో బ్రిటిష్ ఎనలిస్ట్ బియాన్‌ల దారి. ఈ రెండూ శుద్ధంగా విడివిడిగా ఎక్కడా కనిపించవని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా మొగ్గు ఎటో దాచుకోలేదు.

నేనూ అటే. మన ప్రాక్టీసులో ఇంటర్‌ప్రిటేషన్‌ను ఒక మెట్టు కిందికి దించాలి. కాదనేవాళ్లు రండి.

మెనూ కార్డు

కాదంటాను.

తెలిస్తే చాలు నయమైపోతుందని ఫ్రాయిడ్ ఎన్నడూ అనలేదు. అడ్డగోలు విశ్లేషణను తిడుతూ 1910లో రాసిన చిన్న వ్యాసంలో ఆయనే అన్నాడు: లోపల దాగినదాన్ని పేషెంట్‌కి ఊరికే చెప్పేయడం కరువు రోజుల్లో మెనూ కార్డులు పంచడంలాంటిదని. నా పేరు అక్కణ్ణుంచే తెచ్చుకున్నా. 1914కల్లా ఇంకో అడుగు వేశాడు. పేషెంట్ పాతదాన్ని గుర్తు చేసుకోడు, మీ ఎదుటే మళ్లీ చేసి చూపిస్తాడు. అడ్డంకి ఇదీ అని మీరు చెప్పాక కూడా అతను దాంతో కొన్నాళ్లు కుస్తీ పట్టాలి.

1934లో బ్రిటిష్ ఎనలిస్ట్ స్ట్రేచీ దీనికి యంత్రం బొమ్మ గీసినట్టు గీశాడు. మార్పు తెచ్చే ఇంటర్‌ప్రిటేషన్‌లో రెండు దశలు: మొదట, తన కోపమో ప్రేమో ఇప్పుడు, ఇక్కడ, ఈ ఎనలిస్ట్ మీదకే మళ్లిందని పేషెంట్‌కి తట్టాలి. తర్వాత, తను ఊహించిన మనిషి వేరు, ఎదురుగా కూర్చున్న మనిషి వేరు అని కనబడాలి. వేడి చల్లారాక చెప్పేది పాఠం, అది పనిచేయదు. ఇందులో ఏది తెలుసుకోవడం, ఏది ఉండటం? విడదీసి చూపించండి.

రెండోది, పరిశోధన. నార్వేలో హోగ్లెండ్ బృందం 100 మంది పేషెంట్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసింది. ఏడాదిపాటు వారానికో 45 నిమిషాల సెషన్. థెరపిస్టులు రెండు గుంపులకూ వాళ్లే. ఒక గుంపులో సెషన్‌కి ఒకటి నుంచి మూడు ట్రాన్స్‌ఫరెన్స్ ఇంటర్‌ప్రిటేషన్లు (పేషెంట్ భావాలు థెరపిస్టు మీదకు మళ్లడం గురించి చెప్పేవి), రెండో గుంపులో అసలు లేవు. 2006లో ఫలితం వచ్చింది: మొత్తం మీద తేడా లేదు. కానీ మొదటినుంచీ మనుషులతో సంబంధాలు సరిగ్గా నిలబడనివాళ్లకు, ఇంటర్‌ప్రిటేషన్ అందిన గుంపులోనే మేలు ఎక్కువ. "సున్నితమైన పేషెంట్‌కి అర్థాలొద్దు, తోడుంటే చాలు" అని మనం సూపర్విజన్‌లో (సీనియర్‌తో కేసు చర్చించేటప్పుడు) చెప్పుకునే మాటకు ఇది సరిగ్గా ఎదురు.

పాతబస్తీ పావురం

మౌనంగా ఎదురుగా కూర్చుంటే మనిషి మారతాడంటే మనకు రమణ మహర్షి తిరువణ్ణామలై ఉండనే ఉంది. అక్కడ ఫీజు కూడా లేదు 🙂

కిటికీ పక్క కుర్చీ

పావురం గారూ, బియాన్ మథురలో పుట్టాడు కాబట్టి (1897) ఈ పోలిక ఊరికే నోటికొస్తుంది. కానీ విన్నికాట్ పిల్లల డాక్టరు. లండన్‌లో పాడింగ్టన్ గ్రీన్ పిల్లల ఆసుపత్రిలో దాదాపు నలభై ఏళ్లు పనిచేశాడు. ఆయన చెప్పే "ఉండటం" సమాధి కాదు. తల్లి చేతుల్లో ఉన్న బిడ్డ, తనను ఎవరో పట్టుకున్నారన్న సంగతి కూడా పట్టించుకోనక్కర్లేకుండా ఉండటం. అక్కడ అహం కరిగిపోదు, అప్పుడప్పుడే ముద్ద కడుతుంటుంది.

మెనూ కార్డు గారికి: నార్వే అధ్యయనం నాకూ ఇష్టమే, కానీ అందులో "ట్రాన్స్‌ఫరెన్స్ పని" కింద ఏం లెక్కగట్టారో చూడండి. ఐదు రకాలు. ఇద్దరి మధ్య ఇప్పుడు జరుగుతున్నదాన్ని ప్రస్తావించడం. థెరపీ గురించి, థెరపిస్టు గురించి ఏమనిపిస్తోందో మాట్లాడమనడం. థెరపిస్టు తన గురించి ఏమనుకుంటున్నాడో పేషెంట్‌ని ఊహించమనడం. ఈ మూడూ అర్థం చెప్పడం కాదే! కారణాలు, పాత సంబంధాలతో ముడిపెట్టడం మిగతా రెంటిలోనే వస్తాయి. కాబట్టి ఆ మేలు "నీకిలా ఎందుకంటే" అన్నదాని వల్ల వచ్చిందో, "మనిద్దరం ఇక్కడ ఉన్నాం, దీని గురించి మాట్లాడుకోవచ్చు" అన్నదాని వల్ల వచ్చిందో ఆ లెక్కలు తేల్చవు.

మెనూ కార్డు

ఆ పాయింటు ఒప్పుకుంటా. కానీ మీ పక్షానికీ అది రుజువు కాదు.

వారానికొక్కటి

ఇద్దరూ వారానికి నాలుగైదు సెషన్ల లోకంలో ఉన్నారు. విన్నికాట్, బియాన్ రాసింది ఆ లెక్కలో. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వచ్చే మనిషి మామూలుగా వారానికొకసారి 45, 50 నిమిషాలకు వస్తాడు. మధ్యలో ఆరు రోజులు ఒంటరిగా మోసుకోవాలి. "ఉండనివ్వడం" అన్న పద్ధతికి ఆ ఆరు రోజులే పరీక్ష.

కల్పించిన ఉదాహరణ ఒకటి. పోయిన వారం థెరపిస్టు సెలవు. ఈ వారం పేషెంట్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, "ఇవాళ చెప్పడానికి ఏం లేదండీ" అంది.

పాత పద్ధతిలో తొందరపడితే: "నేను సెలవు పెట్టినందుకు మీకు కోపం వచ్చింది, అందుకే ఆలస్యం." ఇది నిజమే కావచ్చు. కానీ కోపం ఆమెలో ఇంకా రూపు కట్టలేదు. మీరు పేరు పెట్టేశాక ఆమె చేయగలిగినవి రెండే: ఒప్పుకోవడం, కాదనడం. రెండూ బుర్రతో చేసే పనులే.

కొత్త పద్ధతిని పైపైన పట్టుకుంటే: మౌనం. మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు. ఆమె చూపు తలుపు మీదకు పోతుంది, బ్యాగు పట్టీ బిగుసుకుంటుంది. ఆమెకు ఇది శిక్ష. "ఆలస్యంగా వచ్చానని మాట్లాడటం లేదు" అనుకుంటుంది. ఇక్కడ మౌనం కూడా ఇంటర్‌ప్రిటేషనే, అదీ క్రూరమైనది.

పనికొచ్చేది మధ్యలో ఉంది: "చెప్పడానికేం లేకపోయినా వచ్చారు." కారణం అడగలేదు, అర్థం చెప్పలేదు, వదిలెయ్యనూ లేదు. బ్యాగు ఒళ్లోంచి కిందికి దిగితే అప్పుడు సెలవు సంగతి ఎత్తొచ్చు. దిగకపోతే ఆఖరి పదిహేను నిమిషాల్లోపు మీరే ఎత్తాలి. లేకపోతే అది ఆరు రోజులు ఆమె ఇంట్లో కూర్చుంటుంది.

చతుర్థీ విభక్తి

భాష గురించి ఒక మాట, ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి. పై ఉదాహరణలో "మీకు కోపం వచ్చింది" అన్నారు. ఇంగ్లీషువాడు తను కోపంగా "ఉన్నాను" అంటాడు. మనకు కోపం వస్తుంది, పోతుంది. భయం వేస్తుంది. ఏడుపొస్తుంది. మనిషి ఇల్లు, భావం చుట్టం. కాబట్టి "నువ్వు కోపిష్టివి" అని వినబడకుండా, "ఇక్కడికి కోపంలాంటిది ఏదో వచ్చినట్టుంది" అనడానికి మన వ్యాకరణమే చోటిస్తోంది. ఎవరిదో తేల్చకుండా ఇద్దరి మధ్యా ఉంచొచ్చు. ఇంగ్లీషులో నేర్చుకున్న వాక్యాన్ని అనువదించుకుని "మీరు నా మీద కోపంగా ఉన్నారు" అంటే ఆ సౌలభ్యం పోతుంది, నింద మిగులుతుంది.

ఇందులో చిక్కూ ఉంది. చుట్టం పోతుందిలే అని మనిషి తప్పుకోనూ వచ్చు. ఆర్నెల్లయినా కోపం ఇంకా "వస్తూనే" ఉంటే, ఒకరోజు "కోప్పడ్డారు" అని సూటిగా అనాల్సిందే.

మెనూ కార్డు

ఇది బాగుంది. కానీ అసలు ప్రమాదం మీరెవరూ ముట్టుకోలేదు. "ఉండనివ్వడం" చెయ్యి జారితే ఎక్కడికి పోతుందో హంగేరీ ఎనలిస్ట్ ఫెరెంజీ 1932 డైరీ చూపిస్తుంది. పేషెంట్ అవసరం అంటూ సెషన్లు పెంచుకుంటూ పోయి, చివరికి ఎనలిస్టూ పేషెంటూ ఒకరినొకరు విశ్లేషించుకునేదాకా వెళ్లాడు. ఆయన శిష్యుడు బాలింట్ 1968లో గీత గీశాడు. ఒక రకం పేషెంట్ పసితనపు స్థితిలోకి వెనక్కి జారేది ఎవరైనా తనను గుర్తించడం కోసం, అది దొరికితే ముందుకొస్తాడు. ఇంకో రకం తీర్చమని అడగడం కోసం. ఒకటి తీరిస్తే ఇంకోటి, దానికి అంతులేదు. గుర్తుపట్టే విధానం సులువు: సెషన్ పది నిమిషాలు పొడిగించారు. వచ్చే వారం ఆ పది నిమిషాలు ఏమయ్యాయి? మరిచిపోతే మొదటిది. ఇరవై అయితే రెండోది, అక్కడ గీత గట్టిగా గీయాలి, గీస్తూ ఎందుకో చెప్పాలి. ఆ చెప్పడం ఇంటర్‌ప్రిటేషనే.

బియాన్ 1967లో జ్ఞాపకం, కోరిక లేకుండా సెషన్‌లోకి రమ్మన్నాడని కేసు నోట్సు మానేసేవాళ్లూ ఉన్నారు. ఆయనన్నది సెషన్ లోపలి చెవి గురించి. పేషెంట్ పోయిన నెల చావు మాట ఎత్తిన సంగతి మరిచిపోమని కాదు.

కిటికీ పక్క కుర్చీ

అందులో గొడవే లేదు. నేనింకో అంకె పెడతా. లండన్‌లో టావిస్టాక్ క్లినిక్ అధ్యయనం, 2015. మందులకూ లొంగని డిప్రెషన్, 129 మంది, 18 నెలల్లో 60 మనోవిశ్లేషణ పద్ధతి సెషన్లు. చికిత్స ముగిసిన రోజున మామూలు చికిత్స గుంపుతో తేడా పెద్దగా లేదు. ఆ తర్వాత రెండేళ్లకు చూస్తే థెరపీ గుంపులో 44 శాతం మంది మేజర్ డిప్రెషన్ ప్రమాణాల నుంచి బయటపడ్డారు, రెండో గుంపులో 10 శాతం. తెలుసుకున్నది ఆ రోజే ఉపయోగపడాలి కదా? ఆలస్యంగా పండిందంటే లోపల వేరే ఏదో పెరిగిందని నా అనుమానం. అనుమానమే, రుజువు కాదు, మీరు అనకముందే నేనే అంటున్నా.

పాతబస్తీ పావురం

సరే, వెటకారం మానేసి అడుగుతున్నా. మనవాళ్లు "మీరే చెప్పండి డాక్టరు గారూ, మీకు తెలీందేముంది" అంటారు. అప్పుడేం చేస్తారు? చెబితే మెనూ కార్డు, ఊరుకుంటే శిక్ష.

వారానికొక్కటి

విన్నికాట్ 1962లో చికిత్స లక్ష్యాల గురించి మాట్లాడుతూ దీనికి దగ్గరగా వచ్చాడు. తను ఇంటర్‌ప్రిటేషన్ అసలు ఇవ్వకపోతే, ఈయనకు అన్నీ అర్థమైపోయాయని పేషెంట్ అనుకుంటాడట. ఇస్తే తన అవగాహన ఎంతవరకో బయటపడుతుంది, ఒక్కోసారి తప్పని కూడా. "మీకు తెలీందేముంది" అనే పేషెంట్‌కి ఇదే కావాలి. కాబట్టి ఒక్క వాక్యం అనండి. చిన్నది, ఇవాళ ఈ గదిలో జరిగిన దాని మీద, చివర "ఏమో, సరిగ్గా పట్టుకున్నానో లేదో" అని చేర్చి. ఆమె "అబ్బే, అది కాదండీ" అని దిద్దితే, నోట్సులో మీ వాక్యం కాదు, ఆమె దిద్దిన వాక్యం రాసుకోండి.