'వన్ వీక్' (1920): పిల్లలకు ఏ ప్రింటు పెట్టాలి?

గోదారిగట్టు: బస్టర్ కీటన్ మూకీ కామెడీ 'వన్ వీక్' (కొత్త జంట విడిభాగాల ఇల్లు బిగించుకునే కథ) ఆదివారం పిల్లలకు వేద్దామనుకుంటున్నా. ఒకచోట 19 నిమిషాలుంది, ఇంకోచోట 25. ఏది అసలుది? ఏ మ్యూజిక్ బాగుంటుంది? చివర్లో రైలు నిజందేనా?

చెక్కబీరువా: ఆ ఇంటి విడిభాగాల పెట్టెల మీద నంబర్లు మార్చేసే సీనుకి అందరూ నవ్వుతారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. పోయిన నెల విడిభాగాల బీరువా తెప్పించా. ఆరో నంబరు పలక లేదు, తొమ్మిదో నంబరువి రెండున్నాయి. బిగించాక తలుపు గోడవైపు తెరుచుకుంటోంది.

పాతరీలు: మూకీలన్నీ సెకనుకి 16 ఫ్రేముల్లో తీసినవే. 24లో వేస్తే మనుషులు గెంతుతారు. 25 నిమిషాలదే చూడండి.

క్యాబిన్‌రాజు: 16 అని శిలాశాసనమేమైనా ఉందా? అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు. కామెడీలకైతే తెరమీద ఉరకాలని కావాలనే నెమ్మదిగా తిప్పేవారు. 22 ఏళ్లు ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి, దాని దీపంలో కార్బన్ కడ్డీలు మార్చిన చెయ్యి ఇది.

పాతరీలు: మీరు వేసినవన్నీ టాకీలే కదా సార్? ఆ కడ్డీలకీ కీటన్‌కీ ఏంటి సంబంధం?

క్యాబిన్‌రాజు: 'సార్' అంటూ వెటకారాలొద్దు. ముందు ఆ గెంతడం కీటన్ కోరుకున్నదా కాదా చెప్పు.

మూడోవరస: మీరిద్దరూ కాసేపు టీ తాగి రండి. గాలివానలో ఇల్లు గిరగిరా తిరిగేది మాయ కాదు, నిజంగానే ఇల్లు కట్టి తిరిగే వేదిక మీద పెట్టారు. గృహప్రవేశం చేసింది 13వ తేదీ శుక్రవారం! హీరోయిన్ సిబిల్ సీలీ స్నానం చేస్తుంటే సబ్బు తొట్టి బయట పడుతుంది. అందుకోబోయేసరికి ఎవరిదో చెయ్యి కెమెరాకి అడ్డం వస్తుంది. "అది ఎవరి చెయ్యి నాన్నా?" అని మా పాప మూడుసార్లు వెనక్కి తిప్పించింది.

ప్లాటుబాధితుడు: బీరువా గారూ, సినిమాలోనూ అదే గొడవ. స్థలం నంబరు పలక తలకిందులై 66, 99 తారుమారయ్యాయి, ఇల్లు వేరే స్థలంలో కట్టేశారు. మా వెంచర్లో హద్దురాయి పీకి పక్కన పాతారు. రెండేళ్లుగా తిరుగుతున్నా.

మూడోవరస: రైలు నిజందే, బొమ్మ కాదు. మొదటిది పక్క పట్టాల మీద వెళ్లిపోతుంది, హమ్మయ్య అనుకునేలోపు ఎదురుగా రెండోది...

పాతరీలు: చెప్పేశావా? పిల్లలు చూడాలన్నారుగా!

గోదారిగట్టు: 19దే వేసేశాం, మ్యూజిక్ ఆపేసి. రెండో రైలుకి మా చిన్నోడు కుర్చీ ఎక్కేశాడు. గెంతుతున్నారని ఎవరూ అనలేదు.

క్యాబిన్‌రాజు: విన్నావా పాతరీలూ?

చెక్కబీరువా: ఎవరి దగ్గరైనా ఆరో నంబరు పలక మిగిలిందా?